చిన్న వ్యాపారం, సృజన: కాపీరైటు, ట్రేడ్‌మార్కు ప్రశ్నలు

పచ్చళ్లు పెట్టి అమ్మేవారు, పెళ్లి ఫొటోలు తీసేవారు, యూట్యూబ్ చానెల్ నడిపేవారు, చీరలకు డిజైన్లు గీసేవారు న్యాయవాది దగ్గరికి వెళ్తే ముందుగా అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: రిజిస్ట్రేషన్ లేకపోతే మాకు హక్కు లేనట్టేనా? భారతదేశంలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పేవి ప్రధానంగా రెండు చట్టాలు. 1957లో చేసి 1958 జనవరి 21 నుంచి అమలులోకి తెచ్చిన కాపీరైటు చట్టం మొదటిది. 1999లో చేసి 2003 సెప్టెంబరు 15 నుంచి అమలు చేసిన ట్రేడ్‌మార్కుల చట్టం రెండోది. ఈ రెండింటినీ, వాటి కింద వచ్చిన తీర్పులనూ కలిపి చదివితే ఒక సంగతి తేలుతుంది. హక్కు పుట్టేది పనిలో, వాడకంలో. రిజిస్ట్రేషన్, ఒప్పందం, బిల్లు పుస్తకం ఆ హక్కును రుజువు చేసేవి, బలపరిచేవి, ఒకరి నుంచి మరొకరికి చేర్చేవి. పొలం సాగు చేయడం ఒకటి, పట్టాదారు పాసు పుస్తకం ఉండటం మరొకటి. చిన్న వ్యాపారుల తగాదాలు ఎక్కువగా ఈ రెంటినీ కలగాపులగం చేసుకోవడం వల్ల వస్తాయి. ఆ తేడా ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ నిలవదో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు హక్కులు, రెండు పనులు

కాపీరైటు రచన, సంగీతం, చిత్రం, ఫొటో, సినిమా, సౌండ్ రికార్డింగు, కంప్యూటర్ ప్రోగ్రాము వంటి కృతులకు వర్తిస్తుంది. కృతి ఒక రూపం దాల్చిన క్షణంలోనే హక్కు వస్తుంది, దరఖాస్తు అక్కర్లేదు. అయితే కాపాడేది రూపాన్నే, ఆలోచనను కాదు. సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో ఈ సూత్రాన్ని స్థిరపరిచింది. 'హమ్ హిందుస్తానీ' నాటకాన్ని 'న్యూ ఢిల్లీ' సినిమా కాపీ కొట్టిందన్న ఫిర్యాదును కొట్టేస్తూ, ఒకే ఇతివృత్తాన్ని ఇద్దరు వేర్వేరుగా మలిస్తే అది ఉల్లంఘన కాదని చెప్పింది. అందుకే గోంగూర పచ్చడి ఎలా చేయాలన్న పద్ధతి ఎవరి సొత్తూ కాదు. కానీ దాన్ని వివరిస్తూ ఒకరు రాసిన పాఠాన్ని, తీసిన వీడియోను యథాతథంగా ఎత్తుకుపోతే ఉల్లంఘనే. పుస్తకం పేరుకో సినిమా పేరుకో కాపీరైటు ఉండదని కృషికా లుల్లా కేసులో 2015లో సుప్రీంకోర్టు తేల్చింది. ఫిల్మ్ చాంబర్లో టైటిల్ నమోదు చేయించుకోవడం నిర్మాతల మధ్య కట్టుబాటే తప్ప కాపీరైటు కాదు.

ట్రేడ్‌మార్కు పని వేరు. ఈ సరుకు ఎవరిదో కొనేవాడు గుర్తుపట్టేందుకు పనికొచ్చే పేరు, లోగో, లేబులు, రంగుల పొందిక వంటివి దాని పరిధిలోకి వస్తాయి. కాపీరైటు రచయిత శ్రమను చూస్తే, ట్రేడ్‌మార్కు కొనుగోలుదారు నమ్మకాన్ని చూస్తుంది. కాబట్టే మొదటిదానికి గడువుంది. సాధారణంగా రచయిత జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు. రెండోది పదేళ్లకోసారి రెన్యువల్ చేయిస్తూ, నిజంగా వాడుతూ ఉన్నంతకాలం ఉంటుంది. రిజిస్టరైన మార్కును ఐదేళ్లకు మించి వాడకుండా వదిలేస్తే దాన్ని తీసేయమని ఇతరులు అడగవచ్చు. ఒకే లేబులు మీద రెండు హక్కులూ కూడా ఉండవచ్చు. బొమ్మకు కాపీరైటు, అది చూపే గుర్తింపుకు ట్రేడ్‌మార్కు.

పేరు, బోర్డు, ముందున్న వాడకం

దుకాణం పేరు విషయంలో అందరికన్నా ముందు రిజిస్టరు చేయించుకున్నవాడిదే హక్కు అనుకోవడం సహజం. చట్టం అలా లేదు. 34వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పొందిన వ్యక్తి మార్కును వాడటం మొదలుపెట్టిన తేదీకీ, రిజిస్టరైన తేదీకీ, రెండింటిలో ఏది ముందయితే దానికి, ముందునుంచే నిరంతరాయంగా అదే పేరు వాడుతున్నవాడిని ఎవరూ ఆపలేరు. తిరునెల్వేలిలోని ఇరుట్టుకడై హల్వా పేరు మీద నడిచిన వ్యాజ్యం ఇందుకు మంచి ఉదాహరణ. ఇరుపక్షాల దగ్గరా రిజిస్ట్రేషన్లున్నాయి. అయినా ముందునుంచి వాడుతున్నవారి హక్కే రిజిస్ట్రేషన్ హక్కు కన్నా పైదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. రిజిస్ట్రేషన్ అన్నది లేని హక్కును సృష్టించదు, ఉన్నదాన్ని గుర్తిస్తుందన్నది ఆ తీర్పు సారాంశం. అంతకుముందు అహ్మదాబాదులోని ముక్తజీవన్ కలర్ ల్యాబ్ కేసులోనూ ఒక ఫొటో స్టూడియో పేరును పక్కవారు తగిలించుకోబోతే, రిజిస్ట్రేషన్ ఊసు లేకుండానే 'పాసింగ్ ఆఫ్' సూత్రం కింద కోర్టు అడ్డుకుంది. తన సరుకును మరొకరి సరుకుగా చలామణీ చేయకూడదన్నది ఆ సూత్రం.

మరి రిజిస్ట్రేషన్ దండగా అంటే కాదు. పాసింగ్ ఆఫ్ దావా వేసినవారు తమ పేరుకు జనంలో పరపతి ఉందనీ, ఎదుటివారి వల్ల జనం పొరబడుతున్నారనీ, తమకు నష్టం జరుగుతోందనీ మూడూ రుజువు చేయాలి. ఒక పేటలో పేరున్న కర్రీ పాయింటుకు ఆ పేటలో అది సాధ్యమే. రాష్ట్రం దాటాక కష్టం. రిజిస్టరైన మార్కుకు దేశమంతటా హక్కు, అదీ దరఖాస్తు తేదీ నుంచే. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, ఉద్యమ్ సర్టిఫికెట్ ఉన్న చిన్న సంస్థలకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము ఒక్కో తరగతికి 4,500 రూపాయలు, మిగతావారికి 9,000. తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై రిజిస్ట్రీ పరిధిలోకి వస్తాయి. జర్నల్లో ప్రకటించాక నాలుగు నెలల్లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. సరుకులూ సేవలూ కలిపి 45 తరగతులు. ఆవకాయకు 29, కారప్పొడికి 30, కర్రీ పాయింటుకు 43, వంటల చానెల్‌కు 41. పచ్చళ్ల తరగతిలో పేరు తీసుకున్నంత మాత్రాన హోటల్ మీద హక్కు దానంతటది రాదు. దీనికి మరో పార్శ్వమూ ఉంది. బెంగళూరులో ఆంధ్ర భోజనానికి పేరుపడ్డ నందిని డీలక్స్‌కూ, నందిని పాల బ్రాండు యజమాని అయిన కర్ణాటక పాల సమాఖ్యకూ జరిగిన తగాదాలో, పాలు, పాల ఉత్పత్తులను మినహాయించి హోటల్ పేరుకు రిజిస్ట్రేషన్ ఇవ్వవచ్చని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒకే తరగతిలో ఉన్నా సరుకు వేరై, గుర్తు చూడగానే వేరుగా తోస్తే రెండూ పక్కపక్కనే బతకవచ్చు.

పేరు ఎంపికలో జరిగే పొరపాటు పెద్ద ఖర్చు తెస్తుంది. సరుకు గుణాన్నో, రకాన్నో, పుట్టిన ఊరినో మాత్రమే చెప్పే మాటలను చట్టం సాధారణంగా ఒకరికి కట్టబెట్టదు. తెలుగు ఊళ్లలో 'స్వగృహ' అన్న మాట ఎన్ని పిండివంటల దుకాణాల బోర్డుల మీద ఉందో తెలిసిందే. అందరూ వాడేకొద్దీ ఆ మాటకు ఒకరిని మాత్రమే సూచించే శక్తి తగ్గుతుంది. 'స్వచ్ఛమైన నెయ్యి మిఠాయిలు' అని పేరు పెట్టుకుంటే అర్థం తెలుస్తుంది, హక్కు దొరకదు. సరుకుతో సంబంధం లేని మాట లేదా కొత్తగా కట్టిన మాట మొదట్లో జనానికి పట్టకపోయినా చట్టంలో బలంగా నిలుస్తుంది. కంపెనీగా నమోదు కావడం, జీఎస్టీ నంబరు, డొమైన్ పేరు, దుకాణం లైసెన్సు ఇవేవీ ట్రేడ్‌మార్కు కావు. ట్రేడ్‌మార్కు యజమాని అడిగితే కంపెనీ పేరు మార్చుకోవాల్సి రావడానికి 2013 నాటి కంపెనీల చట్టంలోనే వీలుంది. టీఎం గుర్తును ఎవరైనా వాడవచ్చు. సున్నాలో ఆర్ అక్షరం మాత్రం రిజిస్టరయ్యాకే పెట్టాలి, ముందే పెడితే చట్టవిరుద్ధం.

డబ్బిచ్చి చేయించుకున్న పని ఎవరిది?

వ్యాపారి దృష్టిలో డబ్బిచ్చినవాడిదే సొత్తు. కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ఈ నమ్మకాన్ని సగమే ఒప్పుకుంటుంది. వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి యజమాని మొదటి హక్కుదారు. డబ్బు తీసుకుని ఒకరు చెప్పినమీదట తీసిన ఫొటో, గీసిన పెయింటింగు లేదా రూపచిత్రం, తీసిన సినిమా విషయంలో కూడా చేయించుకున్నవారే హక్కుదారులు. అంటే పెళ్లి ఆల్బమ్ మీద మొదటి హక్కు పెళ్లివారిది. ఫొటోగ్రాఫర్ ఆ చిత్రాలను తన ప్రకటనలో వాడుకోదలిస్తే బుకింగ్ కాగితంలోనే ఆ మాట రాయించుకోవాలి. అయితే లోగో గీసిన స్వతంత్ర డిజైనర్, వెబ్‌సైటుకు కోడ్ రాసినవారు, ప్రకటన మాటలు రాసినవారి పనులు ఆ జాబితాలో స్పష్టంగా లేవు. వాటి హక్కు మొదట చేసినవారి దగ్గరే ఉంటుందన్నది సాధారణ సూత్రం. ఐదు వేలిచ్చి లోగో గీయించుకున్న హోటల్ యజమాని పదేళ్ల తర్వాత శాఖలు తెరిచేటప్పుడు, అది చట్టరీత్యా తనది కాదని తెలుసుకోవాల్సి రావచ్చు.

దీనికి విరుగుడు ఖరీదైనదేమీ కాదు, కాగితమే. 19వ సెక్షన్ ప్రకారం హక్కు బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. నోటి మాట చెల్లదు. ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతానికి, ఎంత మొత్తానికి అన్నవి అందులో రాయాలి. కాలం రాయకపోతే చట్టం ఐదేళ్లుగానే లెక్కిస్తుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే పరిమితం చేస్తుంది. బదలాయించుకున్న హక్కును ఏడాదిలోపు వాడుకోకపోతే, ఒప్పందంలో వేరుగా రాసుకోని పక్షంలో, అది తిరిగి రచయితకే వెళ్తుంది. అమెరికాలోని తెలుగువారికి సరుకు పంపే వ్యాపారికి ప్రాంతం గళ్లు ఖాళీగా వదిలేయడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. ఈ నియమాలు సృజనకారుడికీ కవచమే. అన్నీ శాశ్వతంగా రాసిచ్చామనుకున్న పత్రంలో ఎంతకాలమో లేకపోతే ఐదేళ్లకు హక్కు తిరిగి వస్తుంది. పైగా హక్కు అమ్మినా 57వ సెక్షన్ కింద కర్తగా గుర్తింపు కోరే హక్కు, తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా కృతిని చెడగొట్టడాన్ని అడ్డుకునే హక్కు రచయితవే.

నమోదే ముందు రావాల్సిన చోట్లు

పనితోనే హక్కు పుడుతుందన్న సూత్రానికి ఒక ముఖ్యమైన మినహాయింపు వస్త్రాల, నగల, పాత్రల డిజైన్ల దగ్గర ఎదురవుతుంది. డిజైన్ల చట్టం కింద నమోదు చేయించదగ్గ ఆకృతిని నమోదు చేయించకుండా, యాభైకి మించి సరుకుల మీద పారిశ్రామికంగా అచ్చువేస్తే కాపీరైటు పోతుందని కాపీరైటు చట్టం 15వ సెక్షన్ చెబుతుంది. డిజైన్ నమోదుకు కొత్తదనం తప్పనిసరి కాబట్టి దరఖాస్తు చేయకముందే బజారులోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో చూపిస్తే ఆ అర్హతకే ముప్పు. రక్షణ పదేళ్లు, ఆపై మరో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. చీర అంచుకు కొత్త నమూనా గీసి, ముందు రీల్ పెట్టి ఆదరణ చూశాక నమోదు చేయిద్దామనుకునే యువ డిజైనర్ తెలుసుకోవాల్సింది ఇదే. ఇక్కడ తేదీల వరుసే హక్కు.

రెండో మినహాయింపు ఊరి పేరుతో చేరిన పేరు. పోచంపల్లి ఇకత్, కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక బొమ్మలు, తిరుపతి లడ్డు, హైదరాబాద్ హలీం, బందరు లడ్డు, ఆత్రేయపురం పూతరేకులు భౌగోళిక గుర్తింపు పొందినవి. పూతరేకులకు 2023లో వచ్చింది. ఈ గుర్తింపు ఒక వ్యాపారిది కాదు, ఆ ప్రాంతపు ఉత్పత్తిదారులందరిదీ. ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టే కుటుంబం ఊరి పేరును తన ఒక్కరి ట్రేడ్‌మార్కుగా చేసుకోలేదు. తన ఇంటి పేరునో, తాను కట్టిన కొత్త పేరునో పెట్టుకుని, పక్కన భౌగోళిక గుర్తింపును వాడుకునేందుకు అధీకృత వినియోగదారుగా నమోదు కావచ్చు. ఊరి కీర్తి అందరిదీ, తన పనితనపు కీర్తి తనది అన్న విభజన ఇక్కడ చట్టంలోనే ఉంది.

ఇతరుల పాట, ఫొటో, బొమ్మ

ఇంటర్నెట్లో దొరికిందంటే అందరిదీ అన్న భావన తప్పు. గూగుల్లో కనిపించే ఫొటోకూ కాపీరైటు ఉంటుంది. 'హక్కులు అసలు యజమానివే, ఉల్లంఘన ఉద్దేశం లేదు' అని వీడియో కింద రాసినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. నిజానికి అది మరొకరిదని తెలిసే వాడినట్టు ఒప్పుకోలు. ఏడు సెకన్లు, ముప్పై సెకన్లు వాడుకోవచ్చన్న లెక్కలు చట్టంలో ఎక్కడా లేవు. 52వ సెక్షన్ వ్యక్తిగత వినియోగం, విమర్శ, సమీక్ష, వార్తా కథనం వంటి ప్రయోజనాలకు న్యాయమైన వాడకాన్ని అనుమతిస్తుంది. ఎంత వాడారు, ఎందుకు వాడారు, అసలు కృతి మార్కెట్‌ను అది దెబ్బతీస్తుందా అన్నది కోర్టు చూస్తుంది. సినిమా సమీక్షలో ఒక చిన్న దృశ్యం చూపి దాని మీద మాట్లాడటం ఒకటి, అదే పాటను చీరల ప్రకటన వెనక వినిపించడం మరొకటి. ఇన్‌స్టాగ్రామ్ లాంటి వేదికలు వ్యాపార ఖాతాలకు తక్కువ పాటలే ఇవ్వడానికి కారణం ఇదే.

ఒక పాటలో ఎన్ని హక్కులుంటాయో తెలుగు శ్రోతకు బాగా తెలిసిన ఉదాహరణతోనే చెప్పవచ్చు. అన్నమయ్య సాహిత్యం మీద ఎవరికీ కాపీరైటు లేదు. కానీ ఎన్నో సంకీర్తనలకు బాణీలు కట్టింది ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు. నేదునూరి కృష్ణమూర్తి 2014లో కన్నుమూశారు. సాధారణ నియమం ప్రకారం ఆయన స్వరకల్పనలకు 2074 ముగిసేదాకా రక్షణ ఉంటుంది. ఇక ఆ పాట సౌండ్ రికార్డింగుది వేరే హక్కు, విడుదలైన నాటి నుంచి 60 ఏళ్లు. 'కన్యాశుల్కం' రాసిన గురజాడ 1915లో పోయారు కాబట్టి ఆ నాటకం ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. శ్రీశ్రీ 1983లో పోయారు, ఆయన రచనలు 2043 చివరిదాకా హక్కుల కిందే ఉంటాయి. సినిమా పాటల్లో ఈ పొరలు తగాదాలకు దారితీస్తాయి. 2017లో అమెరికా కచేరీల పర్యటనలో ఉన్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంకు, అనుమతి లేకుండా తన పాటలు పాడవద్దంటూ ఇళయరాజా తరఫు న్యాయవాది నోటీసు వెళ్లడం తెలుగువారిని ఉలిక్కిపడేలా చేసింది. అంత పెద్ద గాయకుడికే ఈ ప్రశ్న ఎదురైతే టికెట్లు పెట్టి సంగీత విభావరి నడిపే నిర్వాహకుడు ముందే లైసెన్సు తీసుకోవాలన్నది వేరే చెప్పనక్కర్లేదు. సాహిత్యానికీ స్వరానికీ ఐపీఆర్ఎస్ లాంటి సొసైటీల నుంచి, రికార్డింగుకు దాని యజమానుల నుంచి ఆ లైసెన్సు దొరుకుతుంది. పెళ్లి ఊరేగింపుకు, పెళ్లికి సంబంధించిన వేడుకలకు మాత్రం చట్టం స్వయంగా మినహాయింపు ఇచ్చింది.

హీరో బొమ్మతో టీషర్టు లేదా హోటల్ బోర్డు వేయడం మరో ప్రశ్న. అక్కడ ఫొటో తీసినవారి కాపీరైటుతోపాటు ఆ వ్యక్తి పేరు, రూపం, గొంతు మీద కోర్టులు గుర్తిస్తున్న వ్యక్తిత్వ హక్కులూ అడ్డొస్తాయి. 2025లో చిరంజీవి హైదరాబాదు సివిల్ కోర్టు నుంచి, నాగార్జున ఢిల్లీ హైకోర్టు నుంచి ఇటువంటి ఉత్తర్వులు తెచ్చుకున్నారు. అభిమానం వేరు, అభిమానంతో సరుకు అమ్ముకోవడం వేరు.

అభ్యంతరాలు

కోర్టుకెళ్లే స్తోమత లేని చిన్నవాడికి హక్కుంటే ఏమిటి, లేకపోతే ఏమిటి అన్నది బలమైన అభ్యంతరమే. దావా ఖర్చు నిజం, కాలయాపన నిజం. కానీ ఈ రోజుల్లో చాలా తగాదాలు కోర్టు గడప తొక్కకముందే వేదికల మీద తేలుతున్నాయి. ఆన్‌లైన్ అమ్మకాల సైట్లు బ్రాండు రక్షణకు ట్రేడ్‌మార్కు నంబరు అడుగుతాయి. యూట్యూబ్‌లో కంటెంట్ క్లెయిమ్ వస్తే సాధారణంగా ఆ వీడియో ఆదాయం పోతుంది, మూడు స్ట్రైకులు పడితే చానెలే పోతుంది. వీటికి ఎదురు చెప్పాలంటే అసలు ఫైలు, తేదీ, లైసెన్సు రసీదు చూపగలగాలి. కాపీరైటు నియమాల ప్రకారం కూడా ఫిర్యాదు అందాక 36 గంటల్లో తొలగించిన వేదిక, 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు రాకపోతే తిరిగి పెట్టవచ్చు. స్తోమత లేనివాడికే కాగితం ఎక్కువ అవసరం. ఉన్నవాడు లోటును న్యాయవాదులతో పూడ్చుకోగలడు.

మన దగ్గర వ్యాపారం నమ్మకం మీద నడుస్తుంది, కాగితం అడిగితే సంబంధాలు చెడతాయి అన్నది రెండో అభ్యంతరం. అయితే చెడిన సంబంధాల చరిత్ర చూస్తే తగాదా పుట్టింది రాసుకున్నందుకు కాదు, రాసుకోనందుకు. అన్నదమ్ములు విడిపోయినప్పుడు మిఠాయి దుకాణం పేరు ఎవరికి, భాగస్వామి బయటికెళ్తే చానెల్ ఎవరిది అన్నవి స్నేహం బాగున్న రోజుల్లో ఒక పేజీలో తేల్చుకోగలిగిన సంగతులు. మూడో అభ్యంతరం దీనికి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. అందరూ హక్కులంటూ నోటీసులు పంపితే పోటీ చచ్చిపోతుందని. ఆ భయానికీ చట్టం జవాబిచ్చింది. ఆలోచన, వంట పద్ధతి, వర్ణనాత్మక మాట, గడువు తీరిన రచన అందరివీ. తన సొంత పేరును నిజాయతీగా వాడుకునేవారికి ట్రేడ్‌మార్కుల చట్టంలో రక్షణ ఉంది. ఆధారం లేని బెదిరింపు నోటీసు పంపినవారి మీదే దావా వేసే వీలు రెండు చట్టాల్లోనూ ఉంది. కాబట్టి నోటీసు వస్తే భయపడి మూసేయడమూ, చింపి పారేయడమూ రెండూ తప్పే. ఏ కృతి లేదా ఏ మార్కు, ఎవరి పేర, ఏ తేదీ నుంచి, ఏ సరుకుకు అన్న నాలుగు ప్రశ్నలకు నోటీసులో జవాబుందో లేదో ముందు చూడాలి. ఆ తర్వాతే బదులివ్వాలి.

దీన్నిబట్టి చిన్న బడ్జెట్‌లో ఖర్చు పెట్టే వరుస తేలుతుంది. పేరు పెట్టకముందు రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఉచితంగా వెతకడం, డిజైనర్ నుంచి కాలం, ప్రాంతం రాసిన బదలాయింపు పత్రం తీసుకోవడం, పేరు కనిపించే మొదటి బిల్లు, మొదటి ప్రకటన దాచడం, అసలు ఫైళ్లు చెరపకుండా ఉంచడం దాదాపు ఖర్చు లేని పనులు. తర్వాత ప్రధాన వ్యాపారపు తరగతిలో ఒక ట్రేడ్‌మార్కు దరఖాస్తు. కొత్త ఆకృతి మీదే వ్యాపారం నిలబడితే బయటపెట్టకముందే డిజైన్ దరఖాస్తు. సాహిత్యానికి, చిత్రానికి 500 రూపాయల రుసుముతో చేయించుకునే కాపీరైటు నమోదు తప్పనిసరి కాదు. రిజిస్టరు కోర్టులో ప్రాథమిక సాక్ష్యంగా చెల్లుతుంది కాబట్టి విలువైన కృతికి అది చేయించుకోవడం వివేకం. మన కవరును మనకే రిజిస్టర్డ్ పోస్టులో పంపుకోవడం లాంటి చిట్కాలు ఈ నమోదుకు సాటిరావు. చట్టం చిన్నవాడి పక్షమా, పెద్దవాడి పక్షమా అన్న వాదానికి ఈ నియమాల్లో నేరుగా జవాబు లేదు. ముందు చేసినవాడి పక్షం, చేశానని చూపగలిగినవాడి పక్షం అన్నంతవరకు మాత్రం అవి స్పష్టంగానే ఉన్నాయి. ఆ రెండో షరతును నెరవేర్చడం చిన్న వ్యాపారి చేతిలో ఉన్న పనే.